దొంగరాణికి పడిన మూడు

డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టే ఆ ఇన్‌స్పెక్టర్‌కి అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉండే ఉంటుంది. ఆఫీసులో అదెవరికీ గుర్తులేదు. అందరికీ అతను ‘మళ్ళీరండి’. పరీక్ష తప్పినవాళ్ళతో అతను చెప్పే మాట అదొక్కటే కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. తిట్టడు, సలహాలివ్వడు, జాలి అసలే పడడు. మైదానంలో వరసగా నిలబెట్టిన ప్లాస్టిక్ దిమ్మల్లో ఒకటి పడిందా, కారు కిటికీ దగ్గరికి వంగి, విందుకు పిలిచినంత మర్యాదగా “మళ్ళీ రండి” అంటాడు. ఎదుటి మనిషి పెద్ద అధికారి తమ్ముడైనా అంతే, సాక్షాత్తూ ఆ అధికారే అయినా అంతే.

అలాగని కసాయివాడేం కాదు. బండి కదలకముందే ప్రతి ఒక్కరికీ ఒకే పాఠం అప్పజెప్పేవాడు. “దిమ్మ పడితే ఫెయిల్. గీత దాటితే ఫెయిల్. ఇంజను ఆగిపోతే ఇంకో అవకాశం ఇస్తాను. అడగాల్సింది ఉంటే ఇప్పుడే అడగండి.” ఎవరూ ఏమీ అడగరు. అప్పటికే వాళ్ళ నోరు పిడచగట్టుకుపోయి ఉంటుంది.

అతని భార్య కూడా ఒకప్పుడు ఆ మైదానంలో దిమ్మ పడగొట్టిన మనిషే. మొదటిసారి ఫెయిల్ చేశాడు. రెండోసారి వెళ్ళి అదే దిమ్మని అటువైపు నుంచి గుద్దింది, మళ్ళీ ఫెయిల్ చేశాడు. మూడోసారి ఆవిడ కిటికీ దించి, “మీరు కాస్త బండి ముందుకొచ్చి నిలబడతారా?” అని అడిగింది. అక్కణ్ణుంచి మాటలు కలిశాయి, పెళ్ళిదాకా వెళ్ళాయి. లైసెన్సు మాత్రం ఆవిడ ఇంకో ఇన్‌స్పెక్టర్ దగ్గరే తీసుకుంది. ఇంట్లో ఏ గొడవొచ్చినా చివరికి ఆ దిమ్మ దగ్గరే తేలుతుంది.

ఇంత నికార్సయిన మనిషి ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే పచ్చి అబద్ధాలాడతాడంటే ఎవరు నమ్ముతారు? ఆడేవాడు. ఆ సంగతి కూడా ఎలా బయటపడిందో చెప్పాలి.

ఆదివారాలు అత్తగారింట్లో భోజనాల బల్ల చుట్టూ చేరి వాళ్ళొక కథల ఆట ఆడేవారు. అందులో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర వేస్తారు. పాత్ర బలమెంత, తెలివెంత అన్నది ఒక కాగితం మీద రాసుంటుంది. “నేను గోడ దూకుతాను” అని ఒకరంటారు. దూకారా, కాలు విరగ్గొట్టుకున్నారా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గెలుపూ ఓటమీ ఉండవు, కథ ముందుకు పోవడమే ఆట. కాకపోతే పాత్రలు చావొచ్చు. దెబ్బతిని పడిపోయిన పాత్రకి ఒక పాచిక వేస్తారు, పది దాటితే బతుకు, దాటకపోతే చావు.

కథ నడిపేది ఇన్‌స్పెక్టర్. తన పెళ్ళి ఆల్బమ్‌ని తెరిచి బల్లమీద తడికలా నిలబెట్టి, దాని వెనక కూర్చునేవాడు. ఆ చావు పాచిక కూడా అతనే, ఆల్బమ్ చాటున వేసేవాడు. దానికో కారణముంది. మొదట్లో ఎవరిది వాళ్ళే వేసుకునేవారు. అత్తగారు ఇంజెక్షన్ పొడిచినంత ఊపుగా వేస్తే అది వెళ్ళి ఫ్రిజ్ కింద దూరింది. ఫ్రిజ్ జరిపేసరికి ఆట ఊపంతా పోయింది. అప్పట్నుంచీ ఈ ఏర్పాటు.

అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే రోగులు లేని ఓపిక తెచ్చుకుని లేచి కూర్చునేవారట. రిటైరయ్యాక గదమాయించడానికి ఎవరూ దొరక్క ఇంట్లో కుక్కర్ మీద, మిక్సీ మీద కేకలేసేది. ఆటలో ఆవిడది దొంగరాణి పాత్ర. తాళాలు విప్పడం, గోడలెక్కడం, రాజుల గడ్డాలు పట్టుకుని ఊపడం ఆవిడ పనులు. పొద్దున నడకకి వెళ్ళినప్పుడు తోటి ఆడవాళ్ళకి ఆ ఘనకార్యాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. “నిన్న కోటగోడ మీంచి దూకానమ్మా” అని మోకాళ్ళ నొప్పులావిడ చెబుతుంటే వాళ్ళు నోరు వెళ్ళబెట్టి వినేవారు.

ఆవిడ కొడుకు, అంటే ఇన్‌స్పెక్టర్ బావమరిది, ఫ్రిజ్ మెకానిక్. పక్క వీధిలోనే కొట్టు. అతనిది వస్తాదు పాత్ర. ముందు గుద్ది, తర్వాత ఆలోచిస్తాడు, అదీ తీరికుంటేనే. ఇన్‌స్పెక్టర్ భార్యది మంత్రగత్తె. ఆవిడ మంత్రాలు వేయడం కంటే వాళ్ళిద్దరూ చేసిన వెధవపనులు సర్దడంలోనే ఎక్కువ కష్టపడేది.

ఆ తల్లీకొడుకుల మధ్య మామూలు రోజుల్లో మాటలు పొడిపొడిగా ఉండేవి. ఇంటి పెద్దాయన, అంటే ఆవిడ భర్త, ఆవిడ పనిచేసే వార్డులోనే పోయాడు, ఆవిడ డ్యూటీలో ఉండగానే. బయట బెంచీ మీద పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, ఆ యూనిఫాంలోనే కబురు చెప్పింది. కన్ను తడవలేదు. కొడుకుకి అది అప్పుడూ మింగుడుపడలేదు, ఆ తర్వాతా పడలేదు. కానీ ఆదివారం బల్ల దగ్గర మాత్రం వస్తాదు దొంగరాణిని భుజాల మీద ఎక్కించుకుని గోడ దాటించేవాడు. “జాగ్రత్తరా మొద్దూ, నన్ను పడేస్తావ్” అని ఆవిడ, “రాణీవారు కాస్త తిండి తగ్గించాలి” అని వాడు. ఇల్లు మొత్తం మీద తల్లీకొడుకులు నవ్వుకునే చోటు ఆ బల్ల ఒక్కటే. దాన్ని కాస్తా ఇన్‌స్పెక్టర్ బూడిదపాలు చేశాడు.

ఆ ఆదివారం కథలో దీపస్తంభం కింద గుహలో కారంత పీత ఒకటి కాపలా ఉంది. అడ్డం వస్తే ఒక్క కొండితో మనిషిని రెండు ముక్కలు చేసే జంతువు. ఆ ముక్క కథ నడిపేవాడు ముందు చెప్పాలి కదా? చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం వింటే ఒళ్ళు మండుతుంది. అతని ఆటలో అప్పటిదాకా ఎవరూ చావలేదు. పడిపోయిన ప్రతిసారీ ఆల్బమ్ చాటున ఎంత పడినా సరే, బయటికి మాత్రం “పదహారు! గండం గడిచింది!” అనేవాడు. ఇక ముందు హెచ్చరించడం దేనికి అనుకున్నాడు. చచ్చే భయం ఎలా ఉంటుందో ఎరగని వస్తాదు పీతని చూడగానే పకపకా నవ్వి దాని వీపు మీదకి దూకాడు. కొండి తగిలింది. పడిపోయాడు.

మామూలుగా అయితే ఆ రోజూ పదహారే పడేది. సరిగ్గా అప్పుడే భార్య బిస్కెట్ల పళ్ళెం కోసం ఆల్బమ్ మీదుగా వంగింది. పాచిక మీద నాలుగు. చూసేసింది. “అయ్యో, నాలుగు” అంది. ఇక అబద్ధానికి దారి లేదు. ఆ ఆటలో మొట్టమొదటి నిజాయితీ అలా దొరికిపోవడం వల్ల వచ్చింది.

ఇన్‌స్పెక్టర్‌కి కంగారు పుట్టింది. చావు కబురు చెప్పడం అతనికి అలవాటు లేదు. “సరే, వస్తాదు పోయాడు. తర్వాత ఎవరి వంతు?” అన్నాడు, రేషన్ లైనులో పిలిచినట్టు. బావమరిది తన కాగితం వైపు చూస్తూ, “మరి నేనేం చెయ్యాలి బావా?” అని అడిగాడు.

“కొత్త పాత్ర సంగతి తర్వాత చూద్దాంలే. ముందీ పీత పని తేలనీ.”

పీత పని తేలలేదు. బావమరిది ఆ మధ్యాహ్నమంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆటలో లేని మనిషి కాబట్టి అందరూ పనులు పురమాయించారు. మంచినీళ్ళు తెచ్చాడు, టీ పెట్టాడు, ఫ్యాను జోరు పెంచాడు, తగ్గించాడు. ఇన్‌స్పెక్టర్ పప్పులో కాలేసింది అక్కడే. చచ్చినవాణ్ని ఖాళీగా వదిలేస్తే వాడు ఇల్లంతా తిరుగుతాడు. తిరిగేవాడికి ఆల్బమ్ అటువైపు కూడా కనిపిస్తుంది.

ఆ రోజు పీత అదే కొండితో దొంగరాణిని కొట్టింది. రాణి పడిపోయింది. ఇన్‌స్పెక్టర్ పాచిక వేశాడు.

“పదిహేడు! గండం గడిచింది అత్తయ్యా!”

అత్తగారు చప్పట్లు కొట్టింది. నీళ్ళ జగ్గు పట్టుకుని వెనక నిలబడ్డ బావమరిది వంగి చూశాడు.

“పదిహేడెక్కడ బావా? ఇక్కడ మూడుంది కదా.”

ఇన్‌స్పెక్టర్ పాచిక మీద చెయ్యి కప్పబోయాడు. ఆలస్యమైపోయింది. జగ్గు బల్లమీద పెట్టి, “నాకు నాలుగు పడితే చచ్చాను. అమ్మకి మూడు పడితే బతికింది. బాగుంది నీ న్యాయం” అని బావమరిది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గొంతైనా పెంచలేదు. పెంచుంటే బాగుండేది, ఎదురు అరవడానికి వీలుండేది.

అత్తగారు అల్లుణ్ణి మామూలుగా ‘నువ్వు’ అంటుంది. ఆవిడ నోట ‘మీరు’ వచ్చిందంటే కొంప మునిగిందన్నమాట.

“అల్లుడుగారూ, మీరు ఇంతకుముందు కూడా ఇలా చేశారా?”

ఇన్‌స్పెక్టర్ ఆల్బమ్ సర్దాడు.

“కోటగోడ మీంచి దూకి పడిపోయినప్పుడు?”

“అది... ఏడు పడింది అత్తయ్యా.”

“రాజుగారి కుక్కలు కరిచినప్పుడు?”

“రెండు.”

ఆవిడ మొహం మాడిపోయింది. “అంటే నా ధైర్యమంతా మీ దొంగలెక్కేనన్నమాట. పొద్దున్నే నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. నన్ను బతికించమని మిమ్మల్నెవరు అడిగారు?” కాగితం మడిచి గ్లాసు కింద పెట్టింది. “ఇక నా ఇంట్లో ఈ ఆట వద్దు. మీ ఆల్బమ్ మీరు పట్టుకెళ్ళండి.”

ఆ తర్వాతి ఆదివారం ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. అత్తగారు తలుపేసుకుంది. కొడుకు ఆ వీధివైపే రాలేదు. సోమవారం మైదానంలో ఇన్‌స్పెక్టర్ దిమ్మలు పెడుతూ ఒకటి తానే తన్నేసుకుని, దానివంక బిక్కమొహం వేసుకుని చూశాడు. ఆ రోజు ఆఫీసులో అదే పెద్ద కబురు.

సాయంత్రం భార్య దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆవిడ ఏమాత్రం ఓదార్చలేదు.

“నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశారు కదా, అప్పుడు మీకు బాధేసిందా?”

“లేదు.”

“ఎందుకని?”

“ముందే చెప్పాను కదా, దిమ్మ పడితే ఫెయిలని. అయినా నువ్వు మళ్ళీ రావచ్చు కదా.”

“మరి మా తమ్ముడికి ముందేం చెప్పారు? మళ్ళీ రమ్మని ఎప్పుడు చెప్పారు?”

 ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఇచ్చే మర్యాద సొంత బావమరిదికి ఇవ్వలేదని ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు కొట్టుకి వెళ్ళాడు. బావమరిది ఒక ఫ్రిజ్ వెనక సగం దూరి ఉన్నాడు. బయటికి రాలేదు. ఆ కాళ్ళతోనే మాట్లాడాల్సి వచ్చింది.

“తప్పు నాదే. వస్తాదుని బతికిస్తాను. పీత కొండి సరిగ్గా తగల్లేదని కథ మారుస్తాను.”

బావమరిది చేతిలో స్పానరుతో బయటికొచ్చాడు. “ఒద్దు బావా. నీ ఆటలో నిజంగా జరిగింది వాడి చావొక్కటే. దాన్ని కూడా చెడగొట్టకు.”

“మరేం చెయ్యమంటావ్?”

“నేను చచ్చినందుకు కాదు నా బాధ. చచ్చాక ఎవరూ నావైపు చూళ్ళేదు. వాడు అమ్మని ఎన్ని గోడలు దాటించాడు? ఒక్క మాట లేదు. తర్వాత ఎవరి వంతు, అన్నావ్. నేను నీళ్ళు మోసుకుంటూ తిరిగాను.”  ఆ పైన మళ్ళీ ఫ్రిజ్ వెనక్కి దూరాడు. “చావు కబురు ఎలా చెప్పాలో మా అమ్మనడుగు. దాన్లో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు” అన్నాడు లోపల్నుంచి. అందులో మెప్పెంతో దెప్పెంతో ఇన్‌స్పెక్టర్ తేల్చుకోలేకపోయాడు.

అయినా వెళ్ళి అడిగాడు. అత్తగారు తలుపు తీసి, “ఏం కావాలి అల్లుడుగారూ?” అంది.

“నాకు చావు కబురు చెప్పడం రాదు అత్తయ్యా. నేర్పండి.”

ఆవిడ అలాంటిది ఊహించలేదు. కాసేపు ఎగాదిగా చూసి లోపలికి రానిచ్చింది. రిటైరయ్యాక ఆవిణ్ణి పని నేర్పమని అడిగినవాళ్ళు లేరు. ఐదు నిమిషాల్లో కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ లాక్కుని, హెడ్ నర్సయిపోయింది.

“సరే. వస్తాదు పోయాడు. నేను వాడి తల్లిని. చెప్పు.”

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని నిలబడ్డాడు. “అమ్మా, విషయం ఏంటంటే, దురదృష్టవశాత్తూ...”

“ఫెయిల్. నిలబడి చెప్పకూడదు. వాళ్ళ పక్కన కూర్చో. మళ్ళీ రా.”

బయటికి పోయి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. “మీ అబ్బాయి మన మధ్య...”

“ఫెయిల్. మన మధ్య, అటుపక్క, ఇటుపక్క అనకు. చనిపోయాడు అని చెప్పు. సగం సగం చెబితే వాళ్ళు మిగతా సగంలో ఆశ పెట్టుకుంటారు. మళ్ళీ రా.”

“మీ అబ్బాయి చనిపోయాడమ్మా. ఇక మనం చెయ్యాల్సిందేంటంటే...”

“ఫెయిల్! చెప్పాక నోరు మూసుకోవాలి. వాళ్ళు నోరు తెరిచేదాకా నువ్వు తెరవకూడదు. లేచి వెళ్ళకూడదు, గోడ గడియారం చూడకూడదు. తర్వాత చెయ్యాల్సిన పని తర్వాతే. మళ్ళీ రా.”

ఎంతమందికి ఆ మాట చెప్పాడో, అదంతా ఒకే మధ్యాహ్నం తిరిగొచ్చి నెత్తిన పడింది. తలుపు దగ్గరికీ కుర్చీ దగ్గరికీ తిరిగి తిరిగి చెమటలు పట్టాయి. అయినా ఆవిడ పాస్ చెయ్యలేదు. కానీ చివరికి “నీకు టీ ఇవ్వనా?” అంది. పాఠం మధ్యలోనే ‘నువ్వు’ తిరిగొచ్చిందని ఇన్‌స్పెక్టర్ అప్పుడు గమనించాడు, ప్రాణం లేచొచ్చింది. ఆ ధైర్యంతోనే అసలు మాట బయటపెట్టాడు.

“మీరు ఇన్ని చావులు చూశారు కదా అత్తయ్యా. ఆదివారం కూడా ఇంకోటి మీ ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే అబద్ధం చెప్పాను.”

“పిచ్చివాడా” అందావిడ. “చావు చూసినవాళ్ళకే అబద్ధం చెబుతావా?”

ఆదివారం నలుగురూ చేరారు. బావమరిదిని అతని అక్క వెళ్ళి లాక్కొచ్చింది. ఆల్బమ్ అలమారాలోకి పోయింది. బల్ల నడుమ ఒక వెడల్పాటి పళ్ళెం పెట్టారు. ఇకనుంచి ఎవరి పాచిక వాళ్ళే, అందరి కళ్ళముందూ, ఆ పళ్ళెంలోనే వెయ్యాలి. ఇన్‌స్పెక్టర్ మైదానంలో చెప్పినట్టే ముందుగా పాఠం అప్పజెప్పాడు. “ప్రాణం తీసే ప్రమాదం ఉంటే ముందే చెబుతాను. చెప్పాక కూడా దూకితే మీ ఇష్టం. పడింది పడినట్టే. చచ్చినవాళ్ళు ఆ పూటే కొత్త పాత్రతో మళ్ళీ రావచ్చు. అడగాల్సింది ఉంటే ఇప్పుడే అడగండి.”

తర్వాత వస్తాదు చావు మళ్ళీ చెప్పాడు, ఈసారి సరిగ్గా. బావమరిది పక్కకి కుర్చీ జరుపుకుని, వాడు పీత మీదకి ఎలా దూకాడో, ఎలా పడ్డాడో, అంతకుముందు రాణిని ఎన్ని గోడలు దాటించాడో చెప్పాడు. బావమరిది తల ఊపాడు. మంత్రగత్తె వాడికి గుహ బయట రాళ్ళు పేర్చింది.

“ఇక అత్తయ్యది. పాచిక పళ్ళెంలో వెయ్యండి అత్తయ్యా. ఈసారి ఎంత పడితే అంత” అని ఇన్‌స్పెక్టర్ పాచిక అందించబోయాడు.

అత్తగారు చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. “నాకు పడిపోయింది కదా. మూడు. వాడికి రెండోసారి వెయ్యనిచ్చావా? నాకెందుకు? చెప్పాల్సింది చెప్పు.”

బావమరిది గబుక్కున తలెత్తి తల్లిని చూశాడు.

ఇన్‌స్పెక్టర్ లేచి కుర్చీ తీసుకెళ్ళి అత్తగారి పక్కన వేసుకుని కూర్చున్నాడు.  ఎదుటివాళ్ళ గుండె పగలగొట్టడం రోజూ చేసే పనే అయినా, ఇది కిటికీ దగ్గర వంగి చెప్పే మాట కాదు.

“అత్తయ్యా, దొంగరాణి చనిపోయింది.”

నోరు మూసుకున్నాడు.

 ఫ్యాను తిరుగుతోంది. ఇన్‌స్పెక్టర్‌కి గడియారం వైపు చూడాలని మెడ లాగింది, చూడలేదు. అత్తగారు ఆ రోజు మడిచిపెట్టిన కాగితం తీసి, విప్పి, ఒళ్ళో పెట్టుకుని వేలితో సాపు చేసింది.  ఆ తర్వాత కళ్ళజోడు తీసేసింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు కొడుకు పుట్టి బుద్ధెరిగాక చూడ్డం అదే మొదటిసారి.

“ఆ రోజు ఆయన పోయారని గుండె మిషను చూసి నాకు నేనే తెలుసుకున్నాన్రా” అంది, ఇన్‌స్పెక్టర్‌తో కాదు, కొడుకుతో. “డాక్టరుకి నేనే చెప్పాను. మీకు నేనే చెప్పాను. నా పక్కన కూర్చుని నాకెవరూ చెప్పలేదు.”

కొడుకు లేచి వెళ్ళి జగ్గు తెచ్చి గ్లాసులో నీళ్ళు పోశాడు. తల్లి చేతిలో పెడుతూ, “తాగి లేమ్మా. చచ్చినవాళ్ళే ఇక్కడ నీళ్ళు మొయ్యాలి, ఇవాళ్టి వంతు నీది” అన్నాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది, పొలమారింది, వాడు వీపు నిమిరాడు. నిమిరిన చెయ్యి తియ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇంకా నోరు తెరవలేదు. తెరవమని ఎవరూ చెప్పలేదు కదా.

అత్తగారు కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అల్లుడి వంక చూసింది.

“పాస్” అంది. “ఇప్పుడు కొత్త కాగితాలు తీసుకురా. నాకొకటి, మా మొద్దుకొకటి.”